పోస్టరు మీద మనిషి

(మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కార్యదర్శి గారితో ఒక మాట అన్నాను. "నేను ఆలిమ్‌ని కాదు, ప్రొఫెసర్ని కాదు. గుంటూరులో చిన్న డిజైనింగ్, ప్రింటింగ్ షాపు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు నా పని. దాతల సభలో నేనేం చెప్పగలను?" అన్నాను. ఆయన నవ్వి, "మీ పని గురించే చెప్పండి" అన్నారు. అందుకని పని గురించే చెబుతాను. మన సహాయంతో చదువుకున్న ఒక అమ్మాయి తను తీసిన చిన్న సినిమాకి పోస్టరు వేసుకుంది. దాన్ని మూడుసార్లు మార్చింది. ఆ మార్పుల్లో నేను నేర్చుకున్నది మన సంస్థకు కూడా పనికొస్తుందని నా నమ్మకం. బొమ్మల విషయంలో మన పెద్దల మధ్య భిన్నాభిప్రాయాలున్న సంగతి తెలుసు. ఆ చర్చ ఆలిములకే వదిలేస్తున్నాను.

ముందు పోస్టరు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు సినిమా హాళ్ళకు బోర్డులు రాసే మేస్త్రీ దగ్గర పనిచేశాను. రంగులు కలపడం, గోడ మీద గళ్ళు గీయడం, మైదా ఉడకబెట్టి బంక చేయడం, తెల్లవారుజామున సిక్స్ షీట్ పోస్టర్లు అంటించడం అన్నీ చేశాను. మా మేస్త్రీ ఒకటే చెప్పేవాడు. సైకిల్ మీద పోయేవాడు తల ఇటు తిప్పి మళ్ళీ రోడ్డు వైపు చూసేలోపు పోస్టరు తన మాట చెప్పేయాలి. లేకపోతే అది గోడకు అంటించిన కాగితమే. ఎం.ఎఫ్. హుస్సేన్ అంతటి చిత్రకారుడు కూడా వయసులో ఉండగా బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పొట్ట పోసుకున్నాడు. మన తెలుగులో 1967లో బాపు గారి 'సాక్షి' సినిమాతో మొదలుపెట్టిన ఈశ్వర్ గారు ఆ తర్వాత వందల సినిమాలకు పోస్టర్లు రూపొందించారు, ఆ పని గురించి 'సినిమా పోస్టర్' అని పుస్తకం కూడా రాశారు. ఇది చిన్నచూపు చూడదగ్గ పని కాదని చెప్పడానికే ఈ పేర్లు తీసుకున్నాను.

ఇక ఆ అమ్మాయి విషయం. గుంటూరు దగ్గర పల్లెటూరు. దూదేకుల కుటుంబం. తాత పరుపులు కుట్టేవాడు. డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్ తీసుకుంది. మధ్యలో చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే మన సంస్థ ఫీజు కట్టింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా పది నిమిషాల సినిమా తీయాలి. దానికి ఏ3 సైజులో పోస్టరు వేయాలి. పోస్టరు అలా ఎందుకు వేశారో ఒక పేజీ వివరణ రాయాలి. మొదటి ముసాయిదా నుంచి చివరిదాకా అన్నీ చూపించాలి, మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చారో చెప్పాలి. మార్కులు దానికి కూడా ఉన్నాయి. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. మా రోజుల్లో తప్పు చేస్తే దాని మీద సున్నం కొట్టేసేవాళ్ళం, ఎవరికీ చూపించేవాళ్ళం కాదు.

సినిమా తాత మీదే తీసింది. పేరు 'తాత విల్లు'. దూది ఏకే విల్లును ఈ తరం పిల్లలు చూసి ఉండరు. మనిషంత పొడవు కర్ర, దానికి బిగించిన నారి. విల్లును పైనుంచి తాడుతో వేలాడదీసి, ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కొయ్య గుండుతో నారిని కొడితే టంగ్ టంగ్ మని మోగుతుంది. ఆ అదురుకు గడ్డకట్టిన దూది విడిపోయి నురుగులా లేస్తుంది. యంత్రాలు వచ్చాక, ఫోమ్ పరుపులు వచ్చాక ఆ మోత ఊళ్ళల్లో వినపడటం మానేసింది. ఆ పెద్దాయన మాత్రం ఇంకా విల్లు దించలేదు.

అమ్మాయి మొదటి పోస్టరు పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని నా షాపుకు వచ్చింది. నల్లటి బ్యాక్‌గ్రౌండు. మధ్యలో తాత ముఖం, ముడతలు, ఒక కంటి చివర నీటిబొట్టు. పైన మూలన నెలవంక, మినారు. కింద ఎర్రటి అక్షరాల్లో పేరు. పేరు కింద 'ఒక ముస్లిం పేద కన్నీటి కథ' అని ఒక లైను.

నేను చూసి బాగుందన్నాను. అనడమే కాదు, మౌస్ నా చేతిలోకి తీసుకున్నాను. ముఖాన్ని ఇంకా దగ్గరకు తెచ్చి చుట్టూ ఉన్నదంతా కత్తిరించేశాను. కంటి నీటికి మెరుపు పెంచాను. "ఇప్పుడు చూడు, చూసినవాడు ఏడవాల్సిందే" అన్నాను. నాకు అలవాటైన పని అది. ఏటా మన రంజాన్ కరపత్రం చేసేది నేనే కదా.

ఆ రోజు సాంకేతికంగా కొన్ని తప్పులు మాత్రం దిద్దాను. ఫోటో వాట్సాప్‌లో పంపించుకున్నది. ఏ3 సైజులో అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు కావాలంటే సుమారు 3,508 పిక్సెళ్ళ వెడల్పు, 4,961 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలి. వాట్సాప్ ఫోటోను నొక్కి చిన్నది చేసేస్తుంది. అసలు కెమెరా ఫైలు తెమ్మన్నాను. తెలుగు అక్షరాలతో ఇంకో బాధ. ఫోన్‌లో టైపు చేసిన తెలుగును నా దగ్గరున్న పాత అను ఫాంట్లలోకి తెస్తే గజిబిజి అయిపోయింది. ఫోటోషాప్‌లో పెడితే, భారతీయ భాషల సెట్టింగు మార్చేదాకా 'విల్లు'లో ల వత్తు కిందికి చేరకుండా పక్కన పడింది. అక్షరాలు పెద్దగా కనపడాలని అమ్మాయి వాటిని నిలువుగా సాగదీసింది. తెలుగు అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది, వాటికి జాగా వదలాలి, సాగదీస్తే గుండ్రని అక్షరం గుడ్డు అవుతుందని చెప్పాను. ఇవన్నీ దిద్ది ఒక కాపీ అచ్చు తీసి గోడకు తగిలించాను. అసలు తప్పు మాత్రం నా కంటికి కనపడలేదు.

అది కనిపెట్టింది ఆ తాతే. పరుపు గుడ్డ కొనడానికి గుంటూరు వచ్చి, మనవరాలితో నా షాపుకు వచ్చాడు. గోడ మీద పోస్టరు చూసి కాసేపు నిలబడ్డాడు.

"ఎవరమ్మా ఈ ముసలాయన?"

"నువ్వే తాతా."

"నేనా? నేనెప్పుడు ఏడ్చాను?"

అమ్మాయి మాట్లాడలేదు. ఆయనే అన్నాడు: "దూది ఏకుతుంటే నూగు కళ్ళల్లో పడుద్ది. నీళ్ళు కారతయ్యి. చిన్నప్పట్నుంచీ కారతానే ఉన్నయ్యి. దానికి ఏడుపని పేరు పెట్టావా తల్లీ?"

తర్వాత నావైపు తిరిగాడు. "భాయ్, మేం పేదోళ్ళమే, అబద్ధం కాదు. కానీ మా ఊళ్ళో పెళ్ళి జరిగిన ఇల్లల్లా నా పరుపు ఎక్కింది. మనోళ్ళ ఇళ్ళలో, కమ్మోళ్ళ ఇళ్ళలో, మాలపల్లెలో, చర్చి పాస్టరు గారి ఇంట్లో కూడా. నేను కుట్టిన పరుపుల మీద పెరిగిన పిల్లలు ఉద్యోగాలు చేస్తన్నారు. ఆ సంగతి ఈ కాయితంలో ఎక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకో ప్రశ్న కూడా వేశాడు. ఆ మినారు ఎక్కడిది అని. అమ్మాయి ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ అంది. అప్పుడు నేనూ పరీక్షగా చూశాను. పెన్సిల్ చెక్కినట్టు సన్నగా, మొన తేలిన మినారు. తుర్కీ మసీదులకు ఉండేది. వాళ్ళ ఊరి మసీదుకు ఉన్నవి పొట్టి మినార్లు, పైన చిన్న గుమ్మటం. పైగా ఆ సినిమాలో మసీదు దృశ్యమే లేదు. తాత ముస్లిం అని చెప్పడానికి ఎక్కడో ఇస్తాంబుల్ మినారు తెచ్చి తగిలించాం. ఆయన విల్లు, గుండు, దబ్బనం, పరుపు ఇవన్నీ ఫోటోలో ఉంటే నేనే కత్తిరించేశాను.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండో పోస్టరు అమ్మాయి పూర్తిగా ఎదురు దిక్కున వేసింది. వాళ్ళ లెక్చరర్ క్లాసులో అమెరికా డిజైనర్ సాల్ బాస్ పోస్టర్లు చూపించారట. 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' అని 1959 సినిమా. దాని పోస్టరులో నటుల ముఖాల జోలికి పోకుండా, కాగితం కత్తిరించినట్టు ముక్కలు ముక్కలుగా ఉన్న ఒక మనిషి ఆకారం పెట్టాడు. అది చూసి మా అమ్మాయి తెల్లటి కాగితం మీద ఒక్క విల్లు గీసింది. కింద చిన్న అక్షరాల్లో పేరు. అంతే. చూడటానికి శుభ్రంగా ఉంది. గోడకు పెట్టి పది అడుగుల దూరంలో నిలబడి చూశాం. అప్పుడే టీ తెచ్చిన కుర్రాణ్ణి, "ఇదేం సినిమా రా?" అని అడిగాను. వాడు తడుముకోకుండా, "రాముడి సినిమా అన్నా!" అన్నాడు.

ముగ్గురం నవ్వుకున్నాం. వాడి తప్పేం లేదు. మన దేశంలో విల్లు అంటే ముందు గుర్తొచ్చేది అదే. తాతను ఏడిపించకూడదని, మేము తాతను పోస్టరులోంచే పంపేశాం. మనిషి లేకపోతే ఆ విల్లు దేనికో ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు అమ్మాయి చేసిన పని నేను చెప్పింది కాదు. మళ్ళీ ఊరికి వెళ్ళింది. రెండు రోజులు కెమెరా తీయకుండా తాత పక్కన కూర్చుని దూది సర్దింది. మూడో రోజు పొద్దున్నే, పాక తలుపులోంచి ఎండ లోపలికి పడుతున్నప్పుడు ఫోటోలు తీసింది. వెనక నుంచి వెలుతురు పడటంతో గాల్లో లేచిన దూది నూగు ఒక్కొక్క పోగుగా మెరుస్తోంది. ఆ మెరుపు ఎవరూ పెంచింది కాదు. తాత ముఖం పక్కకు తిరిగి ఉంది, చూపు నారి మీద ఉంది. రెండు చేతులూ స్పష్టంగా ఉన్నాయి. కింద అంచున కుట్టడం పూర్తయిన ఎర్ర పరుపు మూల కొంచెం కనిపిస్తోంది. చూసినవాడికి విల్లు దేనికో, ఆయన ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక పేరు ఎక్కడ పెట్టాలి? పై భాగమంతా తెల్లటి దూది. తెల్ల అక్షరాలు అందులో కలిసిపోయాయి. ముదురు నీలం వేసింది. తెర మీద బ్రహ్మాండంగా ఉంది, అచ్చు తీస్తే మందగించింది. కంప్యూటర్ తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద నాలుగు సిరాలు కలిసి రంగు తేవాలి. తెర మీద మెరిసే నీలం కాగితం మీద అలాగే రాదు. రంగు మార్చి మార్చి నాలుగు నమూనాలు తీశాం. ఐదోది నిలబడింది. నెలవంక పోయింది, మినారు పోయింది, 'కన్నీటి కథ' లైను పోయింది. పేర్ల వరసలో కథ, కెమెరా, దర్శకత్వం అంటూ తన పేరే మూడుచోట్ల ఉంటే ఒకచోటికి కుదించింది. 'చేతిపని' అని కొత్త లైను పెట్టి తాత పేరు రాసింది. ఆ పేరు నేను ఈ సభలో చెప్పడం లేదు. పోస్టరు మీద వేసుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు, నా ప్రసంగంలో వాడుకోమని చెప్పలేదు.

అచ్చుకు వెళ్ళేముందు అమ్మాయి దాన్ని తాతకు చూపించింది. నేనూ వెళ్ళాను. ఈసారి ఆయన మంచం మీద పరుచుకుని చాలాసేపు చూశాడు. "బాగుంది. కానీ నేను ఎడం చేత్తో కొడతన్నానే?" అన్నాడు.

నిజమే. పేరు ఎడమ పక్క పెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని నేను ఫోటోను అద్దంలోలా తిప్పేశాను. మాకు అది ఒక్క బటన్ నొక్కడం. ఆయనకు మాత్రం చేయి మారిపోయింది. నా తప్పు నేనే దిద్దాను. ఫోటో మళ్ళీ తిప్పి, పేరును కుడి పక్కకు జరిపి, మొత్తం మళ్ళీ సర్దాం. ఒక పూట పట్టింది.

పరీక్షలో ఎగ్జామినర్ అడిగారట, "మొదటి పోస్టరు చూస్తే గుండె కదులుతోంది కదమ్మా, దాన్నెందుకు మార్చావు?" అని. "మొదటిది మా తాత మీద జాలి పుట్టించడానికి వేశాను సార్. సినిమా తీసింది మా తాత పని చూపించడానికి" అని చెప్పిందట. పాసయింది, మంచి మార్కులే వచ్చాయి. పోస్టరు ఇప్పుడు వాళ్ళ పాకలో, విల్లు వేలాడే చోట గోడకు ఉంది.

ఇప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర ఎందుకు పట్టలేదో చెబుతాను. అంతకు రెండేళ్ళ ముందు ఒక తల్లి నా షాపుకు వచ్చింది. "భాయ్, ఆ ఫ్లెక్సీలో మావాడి ఫోటో తీసేయగలరా? వాడి కాలేజీ దారిలోనే కట్టారు. వాడు ఆ దారిన పోవట్లేదు" అని అడిగింది. ఫీజు చెక్కు అందుకుంటున్న పిల్లవాడి ఫోటో అది. చెక్కు మీద ఆరు చేతులు ఉన్నాయి, ఆ పిల్లవాడి తల దించుకుని ఉంది. ఆ ఫ్లెక్సీ నేనే చేశాను. "ప్రింటయిపోయిందమ్మా, ఇంక ఏం చేయలేం" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. మరుసటి సంవత్సరం ఆ కుటుంబం దరఖాస్తు పెట్టలేదు. అవసరం తీరి పెట్టలేదని నేను నమ్మను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మన రంజాన్ కరపత్రం మీద కొన్నేళ్ళుగా ఉన్న ఆ తల్లీబిడ్డల ఫోటో మన జిల్లాది కాదు, మన దేశానిదీ కాదు. ఎక్కడో యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళది. ఇంటర్నెట్ నుంచి నేనే తీసి పెట్టాను. మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అదీ తుర్కీ మినారు లాంటిదే. అల్లాహ్ నన్ను క్షమించుగాక.

మనకు తెలియని ధర్మమా ఇది? దానాన్ని బహిరంగంగా ఇవ్వడం మంచిదే, గుట్టుగా పేదలకు చేర్చడం ఇంకా మేలని ఖుర్ఆన్‌లో బఖరా సూరా బోధిస్తుంది. ఇచ్చినదాన్ని ఎత్తిచూపి, తీసుకున్నవారి మనసు నొప్పించి ఆ దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అదే సూరా హెచ్చరిస్తుంది. కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకుండా ఇచ్చేవాడికి ప్రళయ దినాన అల్లాహ్ నీడ దొరుకుతుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు చెప్పిన మాట మన పిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా మనం తీసుకునేవాడి ముఖాన్ని చౌరస్తాలో కట్టాం.

ఈ విషయం కమిటీ ముందు పెట్టినప్పుడు కోశాధికారి గారు ఒక ప్రశ్న వేశారు. "ఫోటో లేకపోతే డబ్బు ఎవరికి చేరిందో దాతలకు ఎలా తెలుస్తుంది? నమ్మకం ఎలా నిలుస్తుంది?" ఆయన అడిగింది న్యాయం. కష్టపడి సంపాదించిన డబ్బు జకాత్‌గా ఇచ్చేవారికి లెక్క అడిగే హక్కు ఉంది. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఒప్పుకున్నది ఇది. లెక్క పూర్తిగా చూపిద్దాం, ముఖం చూపించవద్దు. కాలేజీ ఇచ్చిన ఫీజు రసీదును పేరు కప్పి అచ్చు వేద్దాం. కుట్టుమిషను ఇస్తే, ఆ మిషను మీద ఆమె కుట్టిన బట్టను చూపిద్దాం. అసలు రిజిస్టరు ఆఫీసులో ఉంటుంది, ఏ దాత అయినా వచ్చి కార్యదర్శి గారి ఎదుట చూసుకోవచ్చు. ఎవరి ఫోటో అయినా వేయాల్సి వస్తే ముందు నమూనా వాళ్ళకు చూపించి, వాళ్ళు సరే అన్నాకే అచ్చుకు పంపుదాం. 'వద్దు' అన్నంత మాత్రాన సహాయం ఆగకూడదు.

ఈరోజు ఈ వేదిక మీద చెక్కుల పంపిణీ లేకపోవడం మీరు గమనించే ఉంటారు. ఫీజులు నేరుగా కాలేజీలకు వెళ్ళిపోయాయి. ఆ పిల్లలు మీ మధ్యనే కూర్చుని ఉన్నారు. ఎవరో మీకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఈ ఏడాది వసూళ్ళు ఎలా ఉన్నాయో కోశాధికారి గారి నివేదికలో ఉంది, దాని గురించి నేను మాట్లాడను.

దాతలకు ఒక్క మనవి. మాకు ఫోటో పంపించండి, ఫలానా పిల్లవాణ్ణి మా ఇంటికి తెచ్చి చూపించండి అని కొందరు ప్రేమతోనే అడుగుతారు. అడిగేముందు ఆ పెద్దాయన ప్రశ్న ఒకసారి గుర్తు చేసుకోండి: "నేనెప్పుడు ఏడ్చాను?" మనం సహాయం చేసే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పని తెలిసిన చేతులు ఉన్నాయి. మనం ఫీజు కడుతున్న పిల్లలు అలాంటి చేతుల్లో పెరిగినవాళ్ళు. వీలైతే వాళ్ళ పని అడిగి తెలుసుకోండి. వాళ్ళ దగ్గర కొనండి. పరుపు కావాలంటే చెప్పండి, ఆ తాత ఇంకా కుడుతున్నాడు, చిరునామా నేనిస్తాను. దీనికి మాత్రం ఆయన అనుమతి తీసుకున్నాను.

మనం ఇచ్చిన దానిని అల్లాహ్ స్వీకరించుగాక. తీసుకున్నవారి గౌరవాన్ని కాపాడే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఈ పిల్లల చదువులో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుం వరహ్మతుల్లాహి వబరకాతుహు.